నిండు సీసా

పోయినవారం నేను చేసిన పనికి నాకు అక్షింతలు బాగానే పడ్డాయి. మనిషిని పొయ్యిలా మండే కారులో కూచోబెట్టి, రేడియోలో ఆమె చేత పిచ్చిమాట ఒకటి అనిపించి, అక్కడికి కథ ఆపేసి చక్కా పోయావు, నీకు అక్కాచెల్లెళ్ళు లేరా అని ఒక పాఠకురాలు కడిగిపారేసింది. ఉన్నారమ్మా. ఇద్దరున్నారు, ఇద్దరూ నీలాగే అడిగారు. మనకి వారం గడిచింది గానీ ఆమెకి గడిచింది ఆరు సెకన్లే, కాబట్టి అందరం ఊపిరి పీల్చుకుని మళ్ళీ షెడ్డులోకి వెళ్దాం.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది పొద్దున్న ఎనిమిదికి మొదలై సాయంత్రం అయిదుకి గళ్ళ జెండాతో ముగిసే తొమ్మిది గంటల కార్ల పందెం. డబ్బున్నవాళ్ళ వేడుక కాదు. ఆదివారం సెలవు దొరికితే పాత కారుకి ఎలాగో ప్రాణం పోసి తెచ్చుకునే మామూలు మనుషులది. మనవాళ్ళ కారు పేరు గంగాళం. అందులో కూచున్నవాళ్ళు ఉడుకుతారు కాబట్టి ఆ పేరు వచ్చింది. దాన్ని బాగుచేసేది మెకానిక్కు బావ. తోలేది ఇద్దరు: ఒకరు పళ్ళ డాక్టరు, ఇంకొకరు బావగారి మరదలు. ఈ మరదలు వారానికి ఆరు రోజులు సిటీ బస్సు నడుపుతుంది కనక అందరూ బస్సమ్మ అంటారు. ట్రాక్ పక్కనున్న మనవాళ్ళ షెడ్డులో, రేడియో దగ్గర కూచునేది రిటైరైన లెక్కల మాస్టారు. వీళ్ళందరి మీదా ఒక కన్నేసి ఉంచేది బస్సమ్మ అక్క. బావగారి భార్య, వృత్తికి టైలరు.

పోయినేడాది ఇదే పందెంలో బావ వేడికి సొమ్మసిల్లి కారుని టైర్ల గోడకి కొట్టాడు. అప్పట్నుంచి ఆయన స్టీరింగ్ ముట్టకూడదు. అక్క ఆ రోజే షరతు పెట్టింది. "ఇంకొక్క పందెం. గంగాళం గళ్ళ జెండా చూస్తే మనింట్లో ఉంటుంది. చూడకపోతే సోమవారం పొద్దున్న తుక్కు లారీ వస్తుంది." మూడేళ్ళలో గంగాళం ఒక్క పందెమూ పూర్తి చేసిన పాపాన పోలేదు.

షరతు పెట్టి ఊరుకునే మనిషి కాదు అక్క. పాత బనీను మీద సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని మెలికలు మెలికలుగా కుట్టి ఒళ్ళు చల్లబరిచే చొక్కా ఒకటి తయారుచేసింది. కారులో సీటు పక్కన ఐసుడబ్బా, దాంట్లో చేపల తొట్టి మోటారు. అది ఐసునీళ్ళని గొట్టంలోకి తోస్తుంటే డ్రైవరు వంటిమీద చల్లగా పారుతుంటాయి. తాగడానికి వేరే సీసా, దానికి నోటిదాకా వచ్చే గొట్టం. మాస్టారు ప్రతి మూడో చుట్టుకీ రేడియోలో రెండు ప్రశ్నలు అడుగుతాడు. ఎన్ని గుక్కలు తాగావు అని ఒకటి, ఏదో ఒక ఎక్కం ఇంకొకటి. గుక్కలు ఒంటి కోసం, ఎక్కం బుర్ర కోసం. పోయినవారం చివర్లో మాస్టారు "పన్నెండు ఏడులెంతమ్మా?" అని అడిగితే బస్సమ్మ చెప్పిన జవాబు గుర్తుందిగా?

"డోర్ దగ్గర నిలబడకండి. లోపలికి జరగండి."

మాస్టారి మొహంలో నెత్తురుచుక్క లేదు. "అమ్మా, చాలు. పక్కకి తీసి షెడ్డుకి వచ్చెయ్యి," అన్నాడు.

"లోపల ఖాళీగానే ఉంది బాబూ. జరగాలి," అంది రేడియో.

బయట గంగాళం గుయ్యిమంటూ షెడ్డు ముందునుంచి దూసుకుపోయింది. డ్రైవరుకి బుర్ర పనిచెయ్యడం లేదు, చేతులూ కాళ్ళూ మాత్రం పనిచేస్తున్నాయి. బావ గోడెక్కి తువ్వాలు ఊపాడు. అది చూసే స్థితిలో ఆమె లేదు. అప్పుడు అక్క మాస్టారి చేతిలోంచి మైకు లాక్కుంది.

"ఏమే! డ్యూటీ అయిపోయింది. డిపోకి రా!"

మాస్టారు లక్ష చెప్పినా తలకెక్కనిది ఆ ఒక్క మాటతో ఎక్కింది. మలుపు అవతల కారు వేగం తగ్గింది. ఎడమ ఇండికేటరు వెలిగింది. కార్ల పందెంలో ఇండికేటరు వేసిన మొదటి మనిషి ఆవిడే అయ్యుండాలి. బుద్ధిగా పక్కదారిలోకి తిరిగి, షెడ్డు ముందున్న గీత మీద జానెడు కూడా తేడా లేకుండా ఆపింది. ఆపి, చెయ్యి చాచి, లేని బస్సు డోరు మీట కోసం వెతికింది.

బావా, పళ్ళ డాక్టరూ ఆమెని బయటికి లాగారు. షెడ్డు వెనక టెంటు నీడలో మడతమంచం మీద పడుకోబెట్టి హెల్మెట్టు తీస్తే మొహం ఎర్రగా, పొడిగా ఉంది. ఒక్క చెమటబొట్టు లేదు. దళసరి డ్రెస్సు విప్పారు. మెడకింద, చంకల్లో తడి తువ్వాళ్ళు పెట్టారు. పళ్ళ డాక్టరు నాడి పట్టుకుని, "నాకు ఇంతవరకే తెలుసు, మిగతాది పళ్ళలో ఉంటే చెప్పండి," అని అంబులెన్సు కోసం పరుగెత్తాడు.

అంబులెన్సు డాక్టరమ్మ వచ్చింది. జ్వరం చూసింది, కళ్ళు చూసింది, పేరూ వారమూ అడిగింది. పావుగంట తువ్వాళ్ళు మార్చాక బస్సమ్మ అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పింది. ఆదివారం అని కూడా చెప్పింది, సెలవని సంతోషంగా చెప్పింది.

"అంచుదాకా వెళ్ళి వెనక్కొచ్చింది," అంది డాక్టరమ్మ. "కొంచెం కొంచెంగా తాగించండి, గటగటా వద్దు. ఇవాళ స్టీరింగ్ ముట్టకూడదు. మళ్ళీ మాట తడబడినా, వాంతి అయినా వెంటనే నన్ను పిలవాలి."

"ఈ చొక్కా విప్పెయ్యనా?" అంది అక్క.

"వద్దు. ఇప్పుడు ఈమెని కాపాడుతున్నది అదే, దాంట్లో చల్లనీళ్ళు ఆగకుండా చూడండి. తంటా తెచ్చిందీ అదే అనుకోండి. ఒళ్ళు చల్లగా ఉంటే దాహం తెలీదు. చెమట మాత్రం తన పని తను చేసుకుపోతుంది."

"తాగుతూనే ఉందండీ," అన్నాడు మాస్టారు, తన తప్పేమన్నా ఉందేమోనని బెదురుతూ. "ఇరవై ఆరు గుక్కలు. నేను గీతలు గీసి పెట్టాను."

అక్క చేతిలో తువ్వాలు పక్కన పెట్టింది. కారు దగ్గరికి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో తాగే సీసా ఉంది. దాన్ని మంచం పక్కన స్టూలు మీద ఠప్పున పెట్టింది. ఉప్పూ పంచదారా నిమ్మరసం కలిపిన నీళ్ళు, పొద్దున్న తన చేత్తో మెడదాకా పోసినవి, మెడదాకానే ఉన్నాయి.

"ఏంటే ఇది?"

"సీసా," అంది బస్సమ్మ.

"సీసా అని నాకూ తెలుసు. ఇరవై ఆరు గుక్కలు ఎవరు తాగారు? గంగాళమా?"

బావకి ఇంజను దగ్గర అర్జెంటు పని గుర్తొచ్చి జారుకున్నాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు. డాక్టరమ్మ సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. తెలివైనది.

"భయమేసిందక్కా."

"నీళ్ళంటే భయమా?"

"తాగితే... మధ్యలో వస్తుందని."

"ఏమొస్తుంది?" అని అడిగేసి, అంతలోనే అర్థమై, "మాస్టారూ, మీరు కొంచెం రేడియో దగ్గర కూచోండి," అంది అక్క. ఆయన ఎంత వేగంగా వెళ్ళాడంటే కళ్ళజోడు స్టూలు మీదే మర్చిపోయాడు.

బస్సమ్మ టెంటు గుడ్డకేసి చూస్తూ చెప్పింది. "రూటు చివర ఏమీ లేదక్కా. మగవాళ్ళకి గోడ ఉంది. నాకేముంది? పొద్దున్న అయిదింటికి ఎక్కితే మధ్యాహ్నం ఒంటిగంటకి దిగుతాను. చేరిన కొత్తలో ఒకరోజు బాగా తాగి ఎక్కాను. బస్సు నిండా జనం, ముందు ట్రాఫిక్కు. ఆ రోజు నేను పడ్డ యాతన పగవాళ్ళకి కూడా వద్దు. అప్పట్నుంచి పొద్దున్నే ఒక గ్లాసు, మళ్ళీ ఇంటికొచ్చాకే. మా డిపోలో ఆడ డ్రైవర్లం ఆరుగురం. అందరం సీసాలు తెచ్చుకుంటాం. నిండుగా తెస్తాం, నిండుగా పట్టుకుపోతాం. పదకొండేళ్ళయింది. ఇప్పుడు దాహమే వెయ్యదు."

"మరి రేడియోలో ఎందుకు చెప్పావే, తాగానని?"

"ఇంట్లో కూడా అలాగే చెప్తానుగా."

అక్క స్టూలు మీది సీసా వంక చూసింది. మెల్లగా అడిగింది. "అయితే... ఆ రాయి?"

రెండేళ్ళ కిందట బస్సమ్మకి మూత్రపిండంలో రాయి వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఎందుకొచ్చిందని అందరూ అడిగితే టమాటా గింజల వల్లని చెప్పింది.

"నీళ్ళు తాగకపోవడం వల్లే అన్నారు," అంది బస్సమ్మ. "నీకెలా చెప్పను? ఏదో ఒకటి అనాలిగా."

"రెండేళ్ళు!" అక్క గొంతు టెంటు దాటింది. "రెండేళ్ళుగా నువ్వు భోజనానికి వస్తావని నా ఇంట్లో టమాటా ముక్క కొయ్యలేదు! మీ బావ టమాటా కోసం మొహం వాచిపోయి ఉన్నారు!"

టెంటు అవతల్నుంచి బావ గొంతు ఆశగా వినిపించింది. "అయితే రేపట్నుంచి తినొచ్చా?"

"మీరు నోర్ముయ్యండి!"

అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు బస్సమ్మ నవ్వింది. అక్క పెదవి బిగబట్టింది గానీ ఆగలేదు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే బస్సమ్మ ఏడుపులోకి జారింది. ఒంట్లో నీళ్ళు లేని మనిషికి కన్నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆ డాక్టరమ్మనే అడగాలి.

షెడ్డు గడియారంలో నాలుగయింది. గంగాళం గీత మీదే నిలబడి ఉంది. మిగతా కార్లు దాని ముందునుంచి రయ్యిమని పోతున్నాయి. ఒక్కరు అయిదు గంటలకి మించి తోలకూడదని పందెం నియమం. పళ్ళ డాక్టరు తన అయిదూ పూర్తిచేశాడు. బావ తోలకూడదు, బస్సమ్మ తోలే స్థితిలో లేదు.

"అక్కా, లారీని పిలవకు," అంది బస్సమ్మ. "బస్సులో రెండొందల గజాలకోసారి ఆగుతాను. ఎవరో చెయ్యెత్తుతారు, ఎవరో బెల్లు కొడతారు. పదకొండేళ్ళుగా ఇంకొకళ్ళు ఆపమన్నచోట ఆపుతున్నాను. ఏడాదికి ఒక్కరోజు, ఆ కారులో, నన్ను ఎవరూ ఆపమనరు. అది కూడా పోతే ఎలాగే?"

అక్క మంచం పట్టీ మీద కూచుంది. చెల్లెలి నుదుటి మీద తువ్వాలు మార్చింది. సీసా గొట్టం ఆమె నోటికి అందించి, "ఒక్క గుక్క," అంది. బస్సమ్మ తాగింది. "ఇంకొకటి." తాగింది.

"పోయినేడాది గోడ దూకి వెళ్ళి మీ బావని బయటికి లాగింది నువ్వు," అంది అక్క. "పొగ వస్తున్నా ఆగలేదు. నేనేం చేశాను? ఇదంతా నీ పిచ్చి వల్లేనని అందరి ముందూ తిట్టాను. రోజూ పొద్దున్నే ఆయన దగ్గు వినపడగానే నువ్వే గుర్తొస్తావే. మనిషిని నాకు మిగిల్చావు. ఆ మాట నోటితో చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే చొక్కా కుట్టాను. నాకొచ్చింది అదొక్కటేగా."

బస్సమ్మ అక్క అడక్కుండానే ఇంకో గుక్క తాగింది.

అక్క లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. "మన ఫారంలో నాలుగో పేరు ఎవరిది?"

ఫారంలో నాలుగు పేర్లు ఉండి తీరాలి. ఇంకెవరూ దొరక్క బావ తన భార్య పేరు రాశాడు. దానికోసం ఆమె ఒకరోజు కొత్తవాళ్ళ శిక్షణకి వెళ్ళి ఆరు చుట్లు తిరిగి వచ్చింది కూడా. కుట్టుమిషను తొక్కినంత నిదానంగా తొక్కినా, ఒక్కచోట కూడా గీత దాటలేదని అక్కడివాళ్ళు మెచ్చుకున్నారు.

"అక్కా, నువ్వా? వద్దే!"

"షరతు పెట్టింది నేను. తీర్చేదీ నేనే. పొద్దుట్నుంచీ మీ అందరి చేతా తాగిస్తూ నేనూ తాగుతూనే ఉన్నాను. నాకేం కాదు. నువ్వు కదలకుండా పడుకో."

పది నిమిషాల తరవాత పళ్ళ డాక్టరు డ్రెస్సులో అక్క బయటికొచ్చింది. చేతులూ కాళ్ళూ నాలుగేసి మడతలు మడిచి పిన్నీసులు పెట్టింది. మెడదాకా జిప్పు. అంతమందికి కొలత తప్పకుండా కుట్టే మనిషికి ఆ పూట కొలత లేని బట్ట రాసిపెట్టి ఉంది. ఎవరూ నవ్వలేదు. తాగడానికి ఇంకో సీసా పెట్టుకుని, కారెక్కి బెల్టు బిగించుకుని, చెల్లెలు రోజూ కండక్టరు నోట వినే మాటే అనేసి కదిలింది. "రైట్, రైట్!"

బస్సమ్మ కళ్ళు మూసుకుని గంగాళం చప్పుడు విన్నది. ఒక చుట్టు. రెండు. నిదానంగా ఉంది, ఆగడం మాత్రం లేదు. గుక్క గుక్కకీ ఒళ్ళు తేలికపడుతోంది. పదకొండేళ్ళ తరవాత నీళ్ళు రుచిగా ఉన్నాయి. ఆమెకి అందరి మీదా కృతజ్ఞత పొంగుకొచ్చింది. తన కళ్ళజోడు కోసం ఊరంతా వెతుక్కుంటున్న మాస్టారి మీద, తనని మోసుకొచ్చిన పళ్ళ డాక్టరు మీద, గుండెల మీద చల్లగా పాకుతున్న ఈ చొక్కా మీద. నాలుగున్నర కావస్తోంది. ఎంత చల్లగా ఉంది! ఇంతసేపైనా...

కళ్ళు తెరిచింది. మంచం కిందనుంచి సన్నగా మోటారు రొద వినిపిస్తోంది. తల వంచి చూసింది. ఐసుడబ్బా. దాని పక్కన పాత బ్యాటరీ. డబ్బాలోంచి రెండు గొట్టాలు పైకి వచ్చి తన చొక్కాలోకే వెళ్తున్నాయి.

"బావా! ఇది కారులో ఉండాలి కదా?"

బావ షెడ్డు వెనక తలుపు దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "నీళ్ళు ఆపొద్దని డాక్టరమ్మ అందిగా. ఉన్నది ఒకటే డబ్బా, ఒకటే చొక్కా. నేను మీ అక్కకి చెప్పి చూశాను. నీకు చెప్తే జన్మలో నాకు టమాటా పెట్టనంది."

షెడ్డులోని రేడియో మైకు తీగ టెంటు దాకా అందుతుంది. మాస్టారు దాన్ని ఆమెకి ఇచ్చేశాడు. "మీ అక్క గుక్కలు చెబుతోందమ్మా. ఎక్కం మాత్రం రాదంది. బుర్ర సంగతి నాకు తెలీడం లేదు."

ఎక్కాలు రాకపోతే ఏం? అక్కకి వచ్చిన లెక్కలు వేరే ఉన్నాయి.

"అక్కా, ఎన్ని గుక్కలు?"

"నాలుగు. నీలా కాదు, నిజం నాలుగు."

"నా భుజం ఎంత?"

"పద్నాలుగున్నర."

"చెయ్యి?"

"ఇరవై రెండు. ఎడమది పావు తక్కువ."

బస్సమ్మ తన ఎడమ చెయ్యి చూసుకుంది. ఆ చెయ్యి పావంగుళం పొట్టి అని ఇన్నేళ్ళలో తనకే తెలీదు. తెలియనివ్వకుండా ప్రతి జాకెట్టూ, ప్రతి చొక్కా సరిపెట్టి కుట్టింది అక్క. బస్సమ్మ ఆ చెయ్యి నిమురుకుంది. మూడు చుట్లు ఆగి మళ్ళీ బటన్ నొక్కింది.

"అక్కా, నా నడుము?"

రేడియోలో గరగర. షెడ్డు ముందునుంచి గంగాళం వెళ్ళింది, కొంచెం పక్కకి వంగుతూ.

"నడుము..." అంది అక్క. "నడుము నాలుగు గుక్కలు."

గడియారంలో నాలుగూ ముప్పై ఎనిమిది. ఇప్పుడు వెనక్కి పిలిస్తే గంగాళం గళ్ళ జెండా చూడదు, సోమవారం లారీ వస్తుంది. ఆ సంగతి బస్సమ్మకి తట్టింది, తట్టినంత వేగంగానే పోయింది. తుక్కుకి పోతే పోనీ. కార్లు బోలెడుంటాయి, అక్క ఒక్కతే.

"బావా, డబ్బా ఎత్తు. గీత దగ్గర పెట్టు. డాక్టరమ్మని పిలవండి," అంటూ మంచం దిగింది. చొక్కాకున్న గొట్టాలు రెండూ పీకేసింది. చన్నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి.

రమ్మంటే అక్క రాదు. మాట అందని చోట ఉంది. తనని డిపో అన్న ఒక్క మాట వెనక్కి తెచ్చింది. ముప్పై ఏళ్ళుగా మిషను ముందు కూచుని అందరి కొలతలూ గుండెలో మోస్తున్న మనిషిని వెనక్కి తెచ్చే మాట ఏది? మాస్టారు చూస్తున్నాడు, బావ చూస్తున్నాడు. బస్సమ్మ మైకు నోటి దగ్గర పెట్టుకుని బటన్ నొక్కింది. ఏమందో వచ్చేవారం చెప్తాను.